డీమారలైజ్‌కి రెండో అర్థం

ఆ కాగితం పాలచెంబుతో పాటు మా ఇంటికి వచ్చింది. పాలు పోసే అక్క చెంబు గడపమీద పెట్టి, వీధివైపు ఒకసారి చూసి, రైకలోనుంచి నాలుగు మడతల కాగితం తీసి నా చేతిలో పెట్టింది. చెమటకి అది మెత్తబడి ఉండింది.

"మీ నాయన పోయినాడా ఆఫీసుకి?"

"ఇప్పుడే పోయినాడక్కా."

"అయితే చదువు పాపా. మీ నాయనకి మాత్రం చూపొద్దన్నాడు మా ఇంటాయన. అయ్యకి మాటొస్తుందంట."

అప్పుడు నేను పి.యు.సి. చదువుతుండినాను. దొరలు పోయి కేజీఎఫ్ బంగారు గనులు సర్కారు చేతికి వచ్చి కొన్నేళ్ళయింది. బంగళాల్లో మనుషులు మారినారు గానీ కాగితాలు మారలేదు. అన్నీ ఇంగ్లీషులోనే వచ్చేవి. మా నాయన గని ఆఫీసులో టైపు గుమాస్తా. ఆ అక్క మొగుడు భూమిలోపల టింబర్‌మన్. రాయి తవ్వి తీసినచోట పైకప్పు కిందికి రాకుండా దుంగలు నిలబెట్టి అడ్డాలు కట్టే పని. ఆయన కింద ఆరుమంది. సొంతూరు క్యాసంబళ్ళి పక్కన. గని కూలీల వరస ఇళ్ళని లైన్లు అంటారు, అట్లాంటి ఒక ఇంటి వెనక రేకులు కప్పి ఒక ఆవును కట్టుకున్నారు. ఆ పాలే మాకు వచ్చేవి.

కాగితం విప్పినాను. అది చార్జిషీటు. రెండు నేరాలు రాసినారు. మొదటిది తేలిగ్గానే అర్థమయింది. పనిచోటికి పొమ్మని షిఫ్టు ఆఫీసరు చెప్తే ఆయన పోలేదు. రెండోదాంట్లో ఒక మాట దగ్గర నా కన్ను ఆగింది. డీమారలైజ్. తన మాటలతో తన గ్యాంగును, ఇంకా రెండు గ్యాంగులను డీమారలైజ్ చేసినాడు, దానివల్ల షిఫ్టంతా పని నిలిచిపోయింది, అని.

ఆ మాట నాకు తెలీదు. కానీ మోరల్ తెలుసు. చిన్న క్లాసుల్లో ప్రతి ఇంగ్లీషు కథ చివరా ఉండేది, మోరల్ అని, కిందనే నీతివాక్యం. ముందర డీ ఉంది కాబట్టి ఉన్నదాన్ని తీసేయడం. అక్క నా నోటివైపే చూస్తుండింది. ఆ వీధిలో ఇంగ్లీషు చదివిన ఆడపిల్లను నేనొక్కతినే. తెలీదు అనే మాట నా నోటికి రాలేదు.

"మొదటిది, చెప్పిన పని చేయలేదంట. రెండోది, తన కింద పనిచేసేవాళ్ళ నీతిని చెడగొట్టినాడంట."

"నీతా?" అనింది అక్క. "ఏం నీతి పాపా?"

"నీతంటే... నడవడిక అక్కా."

ఆమె మొహంలో ఏదో మూసుకున్నట్లయింది. కాగితం తీసుకొని, మళ్ళా మడిచి, రైకలో పెట్టుకొని పోయింది. పాలు కొలిచి పోయడం కూడా మరిచిపోయింది. మా అమ్మ వచ్చి చెంబునిండా పాలు చూసి, "ఇదేమిది, చెంబుతోనే వదిలేసి పోయిందా?" అనింది.

నేను లోపలికి పోయి మా నాయన పాత డిక్షనరీ తీసినాను. ఇంగ్లీషు మాటకి తెలుగు అర్థాలు ఉండే చిన్న పుస్తకం. ఆ మాట ఎదురుగా మొట్టమొదటే ఉండింది, నీతిని చెడగొట్టు అని. నేను చెప్పింది సరిపోయింది. సంతోషంతో పుస్తకం మూసేసినాను.

మరుసటి దినం పాలు రాలేదు. ఆ మరుసటి దినం కూడా రాలేదు. మా అమ్మ కాఫీకి పాలు ఇంకోచోట తెప్పించింది. ఆవుకి ఏమైనా అయిందేమో అనుకున్నాము.

మూడోనాడు సాయంత్రం మా నాయన ఆఫీసు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కొని, అన్నానికి కూర్చున్నాడు. ఆఫీసు మాటలు ఇంట్లో చెప్పే మనిషి కాదు. ఆ పొద్దు మాత్రం ముద్ద కలుపుతూ మా అమ్మతో అన్నాడు.

"మన పాలాయన ఎంక్వైరీ జరిగింది ఈ పొద్దు. వాంగ్మూలం నేనే రాసుకున్నాను. రెండో చార్జీకి ఏం జవాబు చెప్తావు అని ఆఫీసరు అడిగితే, ఆ మనిషి లేచి నిలబడి, మా తల్లిమీద ఆన, నేను ఏ ఆడదాని జోలికీ పోలేదు సార్ అన్నాడు."

మా అమ్మ నవ్వింది. మా నాయన నవ్వలేదు.

"ఆఫీసర్లు కూడా నవ్వినారు. వాళ్ళు ఎందుకు నవ్వినారో తెలీక ఆయన అట్లే నిలబడినాడు. అన్నం సయించడంలేదు నాకు. ఎవరో ఆయనకి ఆ మాట తప్పు చెప్పినారు."

"డీమారలైజ్ అంటే నీతి చెడగొట్టడం కాదా నాయనా?" అన్నాను.

"అది పాత అర్థం. ఆఫీసుల్లో ఎవరూ ఆ అర్థంతో వాడరు. మోరల్ వేరే, మొరాల్ వేరే. మొరాల్ అంటే మనిషిలో ఉండే నిబ్బరం. డీమారలైజ్ అంటే అధైర్యపెట్టడం. పనిచేసేవాళ్ళ గుండె జారిపోయేటట్లు, నీరుగారిపోయేటట్లు మాట్లాడడం." అంతవరకు చెప్పి ఆగినాడు. నావైపు తిరిగినాడు. "నీకెందుకు వచ్చింది ఆ అనుమానం?"

నేను చెప్పేసినాను. కాగితం మన ఇంటికే వచ్చిందని, నేనే చదివినానని, నీతి అని చెప్పింది నేనేనని.

మా నాయన కంచంలో చెయ్యి కడిగేసినాడు. సగం అన్నం అట్లే ఉండింది. గట్టిగా అరుస్తాడనుకున్నాను. అరవలేదు. గొంతు తగ్గించి మాట్లాడినాడు, అది ఇంకా భయంగా ఉండింది.

"ఆ కాగితం టైపు చేసింది నేను. ఆ ఎంక్వైరీలో రాసేది నేను. అదే కాగితం నా ఇంట్లో నా కూతురు చదివి ఆయనకి చెప్పిందని తెలిస్తే ఏమవుతుందో తెలుసా నీకు? గుమాస్తా ఇంట్లోనే జవాబు తయారు చేసి పంపినాడంటారు. నన్ను ఆ కుర్చీలోనుంచి లేపేస్తారు. అది పక్కన పెట్టు. ఆ మనిషిని పనిలోనుంచి తీసేస్తే?"

"మళ్ళా ఎంక్వైరీ ఉందా నాయనా?"

"ఎల్లుండి పది గంటలకి. అదే ఆఖరు."

"ఆయన యూనియన్ వాళ్ళకి చూపించలేదా?" అని అడిగింది మా అమ్మ.

"నీతి అని విన్నాక ఏ మొగోడు చూపిస్తాడు ఆ కాగితం నలుగురికి?" అన్నాడు మా నాయన.

నేను డిక్షనరీ తెచ్చి మళ్ళా విప్పినాను. నీతిని చెడగొట్టు అన్నదాని తర్వాత ఒక చుక్క, ఆ తర్వాత, ధైర్యము పోగొట్టు, నిరుత్సాహపరచు. రెండూ ఒకే వరుసలో ఉన్నాయి. నేను మొదటి అర్థం దగ్గరే ఆగిపోయినాను.

మా నాయన చాలాసేపు వాకిట్లో పచార్లు చేసినాడు. లోపలికి వచ్చి నా మొహం చూడకుండా మా అమ్మతో అన్నాడు, "మూడుదినాలుగా పాలు రాలేదంటివి గదా. రేపు పొద్దున పాపనే పోయి తెచ్చుకోమను."

తెల్లవారి చెంబు పట్టుకొని లైన్లకి పోయినాను. దారంతా ఎవరైనా చూస్తున్నారేమోనని భయం. టైపు గుమాస్తా కూతురు, ఎంక్వైరీ అయ్యేదాకా సస్పెండైన మనిషి ఇంటికి ఎందుకు పోతుండాది అని అడిగితే చూపించడానికి చెంబు ముందుకు పట్టుకొని నడిచినాను. షిఫ్టుకి పోయేవాళ్ళు గుంపులుగా ఎదురొస్తుండినారు. ఒకరిద్దరు నన్ను చూసి మాటలు ఆపినారు. ఊరకే ఆపినారేమో, నాకట్ల అనిపించిందేమో.

అక్క మొగుడు ఇంటి వెనక ఆవు దగ్గర కూర్చొని తానే పాలు పిండుకుంటున్నాడు. అలవాటులేని చెయ్యి, ఆవు కదులుతుండింది.

"అక్క లేదా అన్నా?"

"పుట్టింటికి, బైరకూరు పోయింది. వాళ్ళన్న వచ్చి తీసుకొని పోయినాడు." ఆవు పొదుగు మీదనుంచి కళ్ళు తీయలేదు ఆయన.

తర్వాత తానే చెప్పినాడు. పోయిన ఏడు ఆయన గ్యాంగులో ఒకతను రాయి కూలి చచ్చిపోయినాడు. అతని పెండ్లాం ఇద్దరు పిల్లలతో ఆ చివరి లైన్లో ఉండేది. ఈయన ఊరినుంచి రాగులు వచ్చినప్పుడల్లా ఒక మూట ఆమె ఇంట్లో వేసి వచ్చేవాడు. అక్కకి తెలిసే జరిగేది. కానీ ఇంగ్లీషు కాగితంలో నీతి అని రాసినారని విన్నాక, ఆ రాగుల మూట వేరే మాదిరి కనబడింది. బావమరిది వచ్చి కాగితం చూసి, సర్కారు ఊరికే రాస్తుందా అన్నాడంట.

"నేను చేయని పనికి జవాబు యాడనుంచి తెచ్చేది పాపా?" అన్నాడు. "మూడు దినాలుగా ఆఫీసులో నామీద ఎవరు చెప్పింటారా, ఎవరికి నామీద పగ అని ఆలోచన చేస్తా ఉండాను."

పాలధార చప్పుడు ఆగేదాకా నిలబడి, "అన్నా, నేను తప్పు చెప్పినాను" అన్నాను.

ఆయన తల తిప్పినాడు.

"ఆ మాటకి అర్థం నీతి కాదన్నా. ధైర్యం. నువ్వు మనుషుల ధైర్యం చెడగొట్టినావని రాసినారు. అంతే. ఆడవాళ్ళ మాట ఆ కాగితంలో యాడా లేదు."

"ఇంకో తూరి చెప్పు."

మళ్ళా చెప్పినాను. ఆయన లేచి నిలబడి, పాలచెంబు పక్కన పెట్టి, గోడకి చెయ్యి ఆనించినాడు. నన్ను తిడతాడని ఎదురుచూసినాను. ఆయన నోట వచ్చింది వేరే.

"ధైర్యం చెడగొట్టినానా? అది నిజమే గదమ్మా."

"అట్ల అనొద్దన్నా. ఒప్పుకుంటే పని పోతుంది."

"నిజం పాపా. కావాలనే చెడగొట్టినాను. ఆ పొద్దు స్టోపులోకి, రాయి తవ్వేచోటికి, మొదట నేను పోయినాను. రాయి ఎప్పుడూ మాట్లాడతా ఉంటాది. టిక్కు టిక్కుమని, శెనగలు వేపినట్ల. మాట్లాడతా ఉంటే మాకు భయం లేదు. ఆ పొద్దు ఊరకుండాది. దీపం ఎత్తి చూస్తే ముందుదినం నేను నిలబెట్టిన దుంగ, తల విచ్చుకొని చీపురు మాదిరి అయిపోయి ఉండాది. అంత బరువు పైన కూర్చోనుంది. బయటికి వచ్చి మావాళ్ళకి చెప్పినాను, ఒరే, ఈ పొద్దు లోపలికి పోతే మీ పిల్లల మొహం చూడరు అని. అట్ల చెప్పకపోతే వాళ్ళు నిలబడరు. పైకి తెచ్చే కేజ్ దగ్గరికి వచ్చి కూర్చున్నారు. మమ్మల్ని చూసి పక్క గ్యాంగులు కూడా కూర్చున్నాయి. పోయిన ఏడు కూడా నాకు అనుమానంగానే ఉండింది. చెప్పలేదు. ఒకడు పోయినాడు."

ఆ ఆఖరి మాట ఆయన ఎవరికీ చెప్పలేదని నాకు అప్పుడే తెలిసింది. రాగుల మూట ఎందుకో కూడా తెలిసింది.

నా దగ్గర ఉన్నది పదిహేడేళ్ళ బుద్ధి, ఒక చిన్న డిక్షనరీ. "నువ్వు చేసినదానికి ఇంగ్లీషులో వేరే మాట ఉండాదన్నా," అన్నాను. "జాగర్త చెప్పడం. ముందుగా హెచ్చరిక చేయడం. వార్న్ అంటారు."

"వారన్," అన్నాడు ఆయన.

"వార్న్."

"వారన్. అదే గదా, బ్లాస్టింగుకి ముందర పెట్టే బోర్డుమీద ఉండేది?"

"అదే. వార్నింగ్."

ఆయన దాన్ని రెండు మూడుసార్లు తనలో తాను అనుకున్నాడు. నా చెంబులో పాలు పోసి, "మీ నాయనకి తెలుసా నువ్వు వచ్చినట్లు?" అని అడిగినాడు. "నేను పాలకి వచ్చినానన్నా," అన్నాను. ఆయన మళ్ళా అడగలేదు.

మరుసటి దినం కాలేజీలో ఏ పాఠం జరిగిందో నాకు గుర్తులేదు. పది గంటలకి గడియారం చూసినాను. పదకొండుకి చూసినాను. ఆయన నోరు జారి, గుమాస్తా కూతురు చెప్పింది సార్ అంటే? అనకపోయినా, మా నాయన మొహం చూసి ఆఫీసరు కనిపెడితే?

సాయంత్రం మా నాయన మామూలుకంటే ఆలస్యంగా వచ్చినాడు. చెప్పులు విడవకుండానే అరుగుమీద కూర్చున్నాడు. నేను నీళ్ళు తెచ్చి ఇచ్చినాను. సగం తాగి చెప్పినాడు.

ఆఫీసరు మళ్ళా అదే ప్రశ్న అడిగినాడంట. పాలాయన చేతులు కట్టుకొని నిలబడి తెలుగులోనే మొదలుపెట్టినాడు. రాయి ఊరకుండడం, దుంగ తల విచ్చుకోవడం, అన్నీ చెప్పినాడు. చివరికి, "సార్, అది డీమారలైజ్ కాదు సార్. వారన్" అన్నాడు.

ఆఫీసరు కాగితంమీదనుంచి తలెత్తినాడు. ముందు ఆయన్ని చూసినాడు, ఆ తర్వాత మా నాయనను చూసినాడు.

"మొన్న ఆ మాటకి వేరే జవాబు చెప్పినావే. ఈ ఇంగ్లీషు నీకు ఎవరు నేర్పించినారు?"

"నా పెన్సిలు ఆగిపోయింది," అన్నాడు మా నాయన. "తలొంచుకొని కూర్చున్నాను. ఆయన ఏమన్నాడో తెలుసా? గనిలోనే నేర్చుకున్నాను సార్, మీరు పెట్టిన బోర్డుమీదనే ఉండాది, వార్నింగ్ అని. దాన్ని చదివి మనుషులు దూరం పోతారు. ఆ బోర్డు రాయించినవాళ్ళు కూడా మనుషుల్ని డీమారలైజ్ చేసినట్లేనా సార్? అన్నాడు."

కాసేపటికి ఆఫీసరు, రాసుకో అన్నాడు మా నాయనతో. ఆయన చెప్పిన తెలుగును ఇంగ్లీషు చేసి రాసే పని మా నాయనదే. మనుషులకు భయం చెప్పినాను అన్న మాటను, భయపెట్టినాను అని కూడా రాయొచ్చు, హెచ్చరించినాను అని కూడా రాయొచ్చు. మా నాయన రెండోది రాసినాడు. రాసి, చదివి వినిపించి, వేలిముద్ర తీసుకున్నాడు.

"అది తప్పు కాదు," అన్నాడు నాతో, నేను ఏమీ అడగకపోయినా. "ఆయన చెప్పింది అదే."

తీర్పు రావడానికి పది దినాలు పట్టింది. రెండో నేరం రుజువు కాలేదన్నారు. మొదటిది, ఆర్డరు మీరడం, రుజువయిందన్నారు. పని పోలేదు. కానీ భూమిలోపలి పని తీసేసి పైన కట్టెల యార్డులో వేసినారు. చాలామంది అది మేలే అన్నారు, వెలుతురు ఉంటుంది, గాలి ఉంటుంది. ఆయనకి మాత్రం అది సయించలేదు. లోపలికి పోయే దుంగలకి కొలతలు గీస్తూ, వాటిని యాడ ఎవరు ఎట్ల నిలబెడతారో అని ప్రతి షిఫ్టువాళ్ళనూ ఆపి అడిగేవాడంట.

ఆ స్టోపు కూలిందా అని ఈ సంగతి విన్న ప్రతివాళ్ళూ నన్ను అడుగుతారు. కూలలేదు. ఎంక్వైరీ జరుగుతుండగానే దాంట్లో రెండింతల దుంగలు వేసినారు. వేసినారు కాబట్టి కూలలేదా, ఎట్లయినా కూలేది కాదా, అది ఎవరూ చెప్పలేకపోయినారు. ఆయన గ్యాంగులో ఆరుమందీ ఆ పొద్దు ఇంటికి వచ్చినారు. అంతవరకే నాకు తెలుసు.

ఆ అక్క మాత్రం బైరకూరు నుంచి రాలేదు. ఆయన పోయి చెప్పినాడు. నమ్మలేదు. చదువుకున్న పాప తన కళ్ళతో చూసి చెప్పింది, నువ్వు ఇప్పుడు మాట మారుస్తుండావు అనిందంట. ఆ మాట ఆయన మా ఇంటికి వచ్చి గడప బయట నిలబడి చెప్పినాడు. నన్ను ఏమీ అడగలేదు. నేనే, "నేను వస్తానన్నా" అన్నాను.

ఆదివారం మా నాయన నన్ను వెంటబెట్టుకొని ముళబాగిలు బస్సెక్కించినాడు. అక్కడినుంచి బైరకూరు. డిక్షనరీ నా ఒళ్ళో ఉండింది.

వాళ్ళ ఇంటి వసారాలో పట్టుపురుగులు గూళ్ళు కట్టే వెదురు చంద్రికలు గోడకి ఆనించి ఉండినాయి. అక్క పురుగులకి మేతగా రేషం ఆకులు తరుగుతుండింది. మమ్మల్ని చూసి కత్తి పక్కన పెట్టింది గానీ లేవలేదు. వాళ్ళన్న గుమ్మానికి అడ్డంగా నిలబడి, "ఏం పనిమీద వచ్చినారు?" అన్నాడు.

నేను ముందుగా అనుకున్నవన్నీ మరిచిపోయినాను. "అక్కా, ఆ మాట నాకు తెలీదు," అన్నాను. "తెలీదని చెప్పేదానికి సిగ్గయి, తోచింది చెప్పినాను. అది నీతి కాదు. ధైర్యం చెడగొట్టడమని అర్థం." పుస్తకం విప్పి చూపించినాను. ఆమెకి చదువు రాదని అప్పుడు గుర్తొచ్చి వేలు ఆపుకున్నాను.

ఆమె పుస్తకంవైపు చూడలేదు. నావైపు చూసింది.

"తెలీదు అని ఒక్క మాట చెప్పింటే, నేను ఇంకొకరిని అడిగేదాన్ని గదా పాపా."

నాకు ఏడుపొచ్చింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు లేవు.

"ఆ పొద్దు కూడా ఇట్లనే గట్టిగా చెప్పినావు," అనింది. "ఈ పొద్దు చెప్పేది సరైందని ఎట్ల నమ్మేది?"

వాళ్ళన్న, "అదీ మాట" అన్నాడు.

అప్పటిదాకా వెనక నిలబడిన మా నాయన ముందుకు వచ్చినాడు. తెల్ల చొక్కా చెమటకి వీపుకి అంటుకొని ఉండింది. ఆ ఇంట్లో తానెవరో తెలియకుండా ఉంటేనే మంచిదని బస్సులో అనుకున్నాడేమో. ఎవరైనా పోయి ఆఫీసులో చెప్తే అంతే సంగతులు.

"నా పాప మాట నమ్మకపోతే పోనీ అమ్మా," అన్నాడు. "ఆ కాగితం టైపు చేసింది నేనే. నీ మొగుడు చెప్పిన జవాబు రాసిందీ నేనే. ఆడవాళ్ళ సంగతి ఆ కాగితాల్లో ఒక్క అక్షరం లేదు. నామీద నమ్మకం లేకపోతే నాతోపాటు ఆఫీసుకి రా, అందరి ముందర చదివి చెప్తాను."

వాళ్ళన్న గుమ్మంలోనుంచి పక్కకి జరిగినాడు. అక్క మా నాయన మొహంలోకి చాలాసేపు చూసింది. ఆకులు తరిగిన చేతులు కొంగుకి తుడుచుకుంది.

"ఎండలో వచ్చినారు," అనింది. "కాళ్ళు కడుక్కోండయ్యా. సంగటి ఉండాది, తిని పోండి."

మేము తిన్నాము. ఆమె నాకు వడ్డించింది గానీ నాతో మాట్లాడలేదు. సాయంత్రం బస్సుకి బయల్దేరుతుంటే కూడా వస్తానని గానీ రానని గానీ చెప్పలేదు. బస్సులో మా నాయన కిటికీ పక్కన కూర్చొని, "పరీక్షలు ఎప్పుడు?" అని అడిగినాడు. అంతకుమించి ఆ సంగతి ఎత్తలేదు.

బుధవారంనాడు ఆమె ఒక్కతే రాగుల మూటతో వచ్చి కేజీఎఫ్‌లో బస్సు దిగిందని, నేరుగా చివరి లైన్లో ఆ చచ్చిపోయినతని పెండ్లాం ఇంటికి పోయి సగం రాగులు దింపి, ఆ తర్వాతనే తన ఇంటికి పోయిందని మా అమ్మ చెప్పింది. నేను చూడలేదు. ఆ పొద్దు నాకు కెమిస్ట్రీ పరీక్ష ఉండింది.